నెట్ సెంటర్ నాటి ఆట ఇప్పుడు కొనొచ్చా: ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2 డెఫినిటివ్ ఎడిషన్ రివ్యూ

మధ్యయుగపు రాజ్యాన్ని కట్టుకుని యుద్ధాలు చేసే కంప్యూటర్ ఆట ఇది. ముందు తీర్పు చెప్పేస్తే మిగతాది తీరిగ్గా చదువుకోవచ్చు. బేస్ గేమ్ కొనండి. దానిమీద డైనస్టీస్ ఆఫ్ ఇండియా అనే డీఎల్‌సీ (విడిగా కొనే అదనపు భాగం) ఒక్కటి తీసుకోండి. మిగతా డీఎల్‌సీలకు తొందరేం లేదు.

విశాఖలో ద్వారకానగర్, గాజువాక నెట్ సెంటర్లలో గంట లెక్కన ఆడి పెరిగినవాళ్లకి ఈ సిరీస్ అంటే 1999లో ఎన్‌సెంబుల్ స్టూడియోస్ చేసిన ఏజ్ ఆఫ్ కింగ్స్, మరుసటి ఏడాది వచ్చిన కాంకరర్స్. ఆ కంపెనీ 2009లో మూతపడింది కానీ ఆట ఆగలేదు. 2013లో హెచ్‌డీ ఎడిషన్, 2019 నవంబరులో ఈ డెఫినిటివ్ ఎడిషన్ వచ్చాయి. కాంకరర్స్ నాటికి 18 సివ్‌లుంటే (సివ్ అంటే మనం ఎంచుకుని ఆడే జాతి), ఇందులో మొదటి రోజుకే 35.

‘అటక మీద పాత సీడీ ఉందిగా, అదే ఎక్కిద్దాం’ అనుకునేవాళ్లకి ఒక మాట. విండోస్ 10, 11లో అది ముందు డైరెక్ట్‌ప్లే అనే పాత విండోస్ భాగాన్ని అడుగుతుంది. ‘టర్న్ విండోస్ ఫీచర్స్ ఆన్ ఆర్ ఆఫ్’ తెరిచి, లెగసీ కాంపొనెంట్స్ కింద దానికి టిక్ పెట్టాలి. ఆ తర్వాత కాపీ రక్షణ అడ్డొస్తుంది. ఆనాటి సీడీల్లో ఉండే సేఫ్‌డిస్క్ డ్రైవర్‌ని విండోస్ 10 నడవనివ్వదు కాబట్టి అసలు సీడీ పెట్టినా మొరాయిస్తుంది. అదీ దాటారనుకోండి, గడ్డీ నీళ్లూ పిచ్చి రంగుల్లో కనిపిస్తాయి. పాత ఆట 256 రంగుల పాలెట్ మీద నడుస్తుంది, ఆ పాలెట్‌ని విండోస్ ఎక్స్‌ప్లోరర్ కూడా మార్చేస్తుంటుంది, అదీ కారణం. టాస్క్ మేనేజర్‌లో ఎక్స్‌ప్లోరర్‌ని ఆపేస్తే రంగులు సర్దుకుంటాయి, ఆట అయ్యాక మళ్లీ నడిపించుకోవాలి. ఆదివారం పూట ఇంత తంటా ఎందుకు?

కొత్తదానికి మరీ పెద్ద కంప్యూటర్ అక్కర్లేదు. 64 బిట్ విండోస్ 10, 4 జీబీ ర్యామ్, ఇంటెల్ హెచ్‌డీ 4000 స్థాయి గ్రాఫిక్స్, 30 జీబీ ఖాళీ జాగా కనీసమని కంపెనీ చెబుతుంది. కనీసం అంటే కనీసమే. 4 జీబీతో క్యాంపెయిన్లు (ఒంటరిగా ఆడే కథలు) నడుస్తాయి గానీ, ఎనిమిది మంది ఆటలో సైన్యాలు పెరిగేసరికి ఈడుస్తుంది, 8 జీబీ వేయించుకోండి. పాత సీపీయూని బయటికి తీసేవాళ్లు, ముఖ్యంగా బీచ్ రోడ్డు వైపు ఇళ్లవాళ్లు, ఉప్పు గాలిని మర్చిపోవద్దు. ఆన్ చేస్తే బీప్ కొట్టి బొమ్మ రాకపోతే పవర్ తీసేసి, ర్యామ్ స్టిక్ బయటికి లాగి, దాని బంగారు రంగు కాళ్లని పెన్సిల్ రబ్బరుతో మెల్లగా తుడిచి మళ్లీ బిగించండి. చాలాసార్లు జబ్బు అక్కడే ఉంటుంది. ఉచితంగా వచ్చే ఎన్‌హాన్స్‌డ్ గ్రాఫిక్స్ ప్యాక్ మాత్రం దించొద్దు. అది 4కే మానిటర్ల కోసం, మామూలు తెర మీద తేడా తెలియదు, హార్డ్ డిస్క్ మాత్రం నిండుతుంది. దగ్గర్లో స్నేహితుడి దగ్గర గేమ్ ఉంటే ఇద్దరూ ఒకే రూటర్‌కి తగిలించుకోండి. గేములమ్మే స్టీమ్ యాప్‌లో లోకల్ నెట్‌వర్క్ ట్రాన్స్‌ఫర్ ఆన్ చేస్తే అది అతని కంప్యూటర్ నుంచే కాపీ చేసుకుంటుంది, ఇంటర్నెట్ డేటా పెద్దగా ఖర్చు కాదు.

ఆటలో జరిగిన అసలు మేలు బొమ్మల్లో కాదు, పొలాల్లో ఉంది. 60 వుడ్ పెట్టి వేసిన ఫార్మ్ 175 ఫుడ్ ఇచ్చి అయిపోతుంది. ఏజ్ ఆఫ్ కింగ్స్‌లో ఆ పొలాన్ని మళ్లీ మనమే వేయాలి. యుద్ధంలో పడి చూసుకోకపోతే విలేజర్లు (పనిచేసే ఊరి జనం) చేతులు కట్టుకు నిలబడేవాళ్లు. కాంకరర్స్‌లో మిల్లు దగ్గర ముందే క్యూ కట్టుకునే వీలొచ్చింది. ఇప్పుడు మిల్లు దగ్గర ఒక్క బటన్ నొక్కితే వుడ్ ఉన్నంత కాలం పొలాలు వాటంతటవే పడతాయి. మనం చూడాల్సింది వుడ్ నిల్వ ఒక్కటే.

చీట్ కోడ్లతో నేర్చుకున్న తరానికి మొదటి పది నిమిషాలే గండం. చీట్ కొడితే వచ్చే కోబ్రా కారు ఇప్పటికీ ఉంది గానీ, ఆన్‌లైన్‌లో రేటింగ్ కోసం ఆడే ర్యాంక్డ్ ఆటలో రాదు. అక్కడ లెక్క ఇలా ఉంటుంది. ఊరి ముఖ్య భవనం టౌన్ సెంటర్ 25 సెకన్లకో విలేజర్‌ని ఇస్తుంది, ఒక్కోదానికి 50 ఫుడ్. కొత్తగా 18 మందికి 900, తర్వాతి యుగమైన ఫ్యూడల్ ఏజ్‌కి ఇంకో 500, మొత్తం 1400. మొదట్లో చేతిలో ఉండేది 200. అరేబియా లాంటి నేల మ్యాపులో దొరికే 8 గొర్రెలు తలా వంద ఇస్తాయి. ఇంకా 400 తక్కువ. బెర్రీలున్నాయి గానీ వాటిని ఏరడం నెమ్మది పని. అందుకే అడవి పంది కావాలి: ఒక్కోదానిలో 340 ఫుడ్, పైగా గొర్రె మాంసం కంటే వేగంగా వస్తుంది.

చాలామంది ఓడేది ఈ పంది దగ్గరే. విలేజర్ ప్రాణం 25 పాయింట్లు, పంది ఒక్కో దెబ్బకి ఏడు తీస్తుంది. 50 గోల్డ్‌తో లూమ్ అనే మెరుగుదల చేయిస్తే ఇంకో 15 కలుస్తాయి, కొత్తవాళ్లు పంది దగ్గరికి వెళ్లేముందు అది చేయించడమే మేలు. మొదటి ఆరుగుర్ని గొర్రెల మీద, తర్వాతి నలుగుర్ని చెట్ల మీద పెట్టి, ఆ పై విలేజర్‌ని పందికి పంపండి. పందికి ఒక దెబ్బ తగలగానే విలేజర్‌ని టౌన్ సెంటర్ వైపు పరుగెత్తించాలి. రెండో దెబ్బ కోసం నిలబడితే పంది మీద పడుతుంది. దగ్గరికి వచ్చాక గొర్రెల దగ్గరున్నవాళ్లంతా కలిసి కొట్టాలి. తొందరపడి గుర్రం మీది స్కౌట్‌తో చంపిస్తే మాంసం దక్కదు. ఇదంతా ‘ఆర్ట్ ఆఫ్ వార్’ పాఠాల్లో పతకాలు పెట్టి మరీ నేర్పిస్తారు. ఆన్‌లైన్‌కి వెళ్లేముందు ఎకానమీ పాఠంలో కనీసం వెండి పతకం తెచ్చుకోండి.

ఇక 2022లో వచ్చిన డైనస్టీస్ ఆఫ్ ఇండియా. 2013 నాటి ‘ఇండియన్స్’ అనే ఒక్క ముద్దని విడదీసి హిందుస్తానీలు, గుర్జరులు, బెంగాలీలు, ద్రవిడులు అన్నారు. మన ఊరివాళ్లకి నచ్చేది ద్రవిడులే, ఎందుకంటే వాళ్ల బలమంతా నీళ్ల మీద ఉంది. ఏజ్ మారిన ప్రతిసారీ 200 వుడ్ ఉచితం, అంటే 75 వుడ్ చేపల పడవలు రెండు, పైగా రెండిళ్ల కలప. చేపలు పట్టేవాళ్లు ఒక్కో విడతకి 15 ఎక్కువ మోసుకొస్తారు. తిరిసడై అనే పెద్ద ఓడ వీళ్లకే సొంతం. లోటూ అంత పెద్దదే: నైట్లు (కవచం తొడిగిన గుర్రపు యోధులు) లేరు. నేల మీద శత్రువు గుర్రాలతో తిరుగుతుంటే వీళ్ల కాల్బలం వెంటపడలేదు. అరేబియా మ్యాపులో ద్రవిడుల్ని తీసుకుని గుర్రాల ఆట ఆడబోతే చేతులారా ఓడినట్టే. నీళ్ల మ్యాపు ఐలాండ్స్‌లో ఆడండి.

క్యాంపెయిన్ రాజేంద్ర చోళుడిది. అతని కూతురు అమ్మంగదేవి, అల్లుడు నన్నయ చేత భారతం రాయించిన రాజరాజ నరేంద్రుడు, మనవడు కులోత్తుంగ చోళుడు. ఆ మనవడి పేరు మీదే విశాఖని ఒకప్పుడు కులోత్తుంగ చోళ పట్టణం అన్నారు, సింహాచలం గుడిలో అతని కాలపు శాసనం ఉంది. ఆటలో ఈ చుట్టరికం పెద్దగా కనబడదు. కాకతీయులకీ తూర్పు చాళుక్యులకీ విడిగా సివ్ లేదు. మెనూలు హిందీలో దొరుకుతాయి, తెలుగులో దొరకవు. ఈ లోటుకి మార్కులు తగ్గించాల్సిందే.

2025లో వచ్చిన త్రీ కింగ్‌డమ్స్‌ని ప్రస్తుతానికి వదిలేయండి. మధ్యయుగాల ఆటలోకి మూడో శతాబ్దపు చైనా రాజ్యాల్ని తెచ్చి, మామూలు ఆటలోనే హీరోల్ని దింపారు. పాత ఆటగాళ్లకి అది మింగుడుపడలేదు.

ఆన్‌లైన్‌లో కొత్త ఖాతాకి 1000 రేటింగ్ ఇస్తారు. నెట్ సెంటర్ వీరుడికి అది ఎక్కువ, మొదట వరసగా ఓటములు తప్పవు. రేటింగ్ దిగి సమానులు తగిలాకే ఆట రుచి తెలుస్తుంది. వైఫై కంటే కేబుల్ మేలు. యూపీఎస్ ఉంటే సీపీయూకే కాదు, రూటర్‌కి కూడా ఇవ్వండి. కరెంటు పోయి లైన్ తెగితే ఆట ఓడినట్టే లెక్క. ఒక కాపీతో ఇద్దరు ఒకేసారి ఆడటం కుదరదు, అన్నదమ్ములైనా రెండు కొనాల్సిందే.

స్టీమ్‌లో కొన్న 14 రోజుల్లోపు, రెండు గంటల్లోపు ఆడి ఉంటే డబ్బు వాపసు అడగొచ్చు. అందుకని కొన్న వెంటనే క్యాంపెయిన్‌కి వెళ్లకుండా ముందు ఆటలోనే ఉన్న బెంచ్‌మార్క్ (కంప్యూటర్ వేగం కొలిచే పరీక్ష) నడపండి. స్కోరు 1000 దాటకపోతే సెట్టింగులు తగ్గించి మళ్లీ చూడండి. అప్పటికీ దాటకపోతే ర్యాంక్డ్ ఆశ వదులుకోవాలి, వాపసు అడగాలో లేదో ఆ రెండు గంటల్లోనే తేల్చుకోండి.