ఫోన్ మాక్రో లెన్స్: గోలెం కింద భేష్, సముద్రపు రాళ్ల మీద ఓపిక కావాలి

నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర ఒక మొబైల్ షాపులో ఈ క్లిప్ లెన్స్ 450 రూపాయలకు కొన్నాను. నేను హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాను.

మొదట పెరట్లో గోలెం జరిపి చూశాను. తడి మట్టిలో తిరుగుతూ, ముట్టుకుంటే ఉండలా చుట్టుకునే బూడిదరంగు జీవి ఉంటుంది కదా, అది. పురుగు అంటాం గానీ, అది రొయ్యలకు, పీతలకు చుట్టం. ఏడు జతల కాళ్లూ లెక్కపెట్టాను. తల్లి పొట్ట కింది సంచిలో తెల్లటి పిల్లలు కదులుతుంటే మా పాప అరగంట అక్కడి నుంచి లేవలేదు. పెట్టిన డబ్బులు ఆ రోజే వచ్చేశాయి.

సంక్రాంతి సెలవుల్లో విశాఖ ఎక్స్‌ప్రెస్‌లో వైజాగ్ వెళ్తూ లెన్స్ కూడా తీసుకెళ్లాను. తెన్నేటి పార్కు కింద అలల తుంపర పడే రాళ్ల సందుల్లో దీని బంధువు కనిపించింది. పేరు లైజియా. కుళ్లిన నాచు తింటుంది. ఇది ఉండ చుట్టుకోదు, పరుగు తీస్తుంది. లెన్సేమో రెండు మూడు సెంటీమీటర్ల దగ్గరికి వెళ్తే గానీ పనిచేయదు. దానికి పెద్ద కళ్లు, నీడ పడితే చాలు మాయం. నలభై ఫొటోలు తీస్తే రెండిట్లో పడింది.

చివరికి ఒకదాన్ని పారదర్శకమైన డబ్బాలోకి తోలి, నాలుగు చుక్కల సముద్రపు నీళ్లు వేశాను. పొట్ట కింద మొప్పలున్నాయి, అవి ఎప్పుడూ తడిగా ఉండాలి. అది ఆరో జత, ఏడో జత కాళ్లను దగ్గరగా చేర్చి నీటికి ఆనించింది. ఆ కాళ్ల మీది సన్నటి నూగు మధ్య నుంచి నీరు దానంతటదే పైకి పాకుతుంది, దీపం వత్తిలో నూనె ఎక్కినట్టు. నూగు విడివిడిగా ఈ లెన్స్‌కు అందలేదు గానీ, తడి గీత మెరుస్తూ పైకి పోవడం స్పష్టంగా కనిపించింది. కేశనాళికీయత పాఠం ఇకపై దీనితోనే మొదలుపెడతాను. పక్క సందులో సగం కుబుసం దొరికింది. ఇవి మొదట ఒంటి వెనక సగం కుబుసం విడిచి, కొన్ని రోజులకు ముందు సగం విడుస్తాయి.

లోపాలున్నాయి. ఫొటో అంచులు మసకగా వస్తాయి. ఫోన్ కవర్ మీద క్లిప్ జారుతోందని షాపుకు వెళ్తే, "కవర్ తీసి పెట్టండి మేడం" అని అతనే సరిచేసి చూపించాడు. ఇప్పుడు జారడం లేదు. ఐదుకు నాలుగు ఇస్తాను. కొనేవాళ్లు ఒక చిన్న పారదర్శకమైన డబ్బా కూడా వెంట ఉంచుకోండి. చూడటం అయిపోగానే, మొప్పలు ఆరకముందే, పట్టిన రాయి దగ్గరే వదిలేయండి.