సెక్టార్ స్కిల్ కౌన్సిళ్లు: రొయ్యల ప్లాంటులో ఏళ్ల తరబడి వాడాక నా మాట

భీమవరం దగ్గర ఒక రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో మనుషుల్ని తీసుకోవడం, పని నేర్పించడం నా బాధ్యత. ఒక్కో రంగానికి ఒక్కో స్కిల్ కౌన్సిల్ ఉంటుంది. ఏ పనికి ఏం వచ్చి ఉండాలో ఆ రంగం యజమానుల ప్రతినిధులే కూర్చుని రాస్తారు. ఆహార శుద్ధి రంగానికి ఫిక్సీ అనే కౌన్సిల్, చెరువుల వైపు వ్యవసాయ స్కిల్ కౌన్సిల్.

ఆ రాసి పెట్టిన ప్రమాణాలు నిజంగా పనికొచ్చాయి. "శుభ్రంగా ఉండాలి" అంటే ఇదివరకు ఒక్కో సూపర్‌వైజర్ ఒక్కోలా అర్థం చేసుకునేవాడు. ఇప్పుడు పని టేబుల్ సిద్ధం చేయడం, శుభ్రత, రికార్డు రాయడం వేర్వేరుగా నేర్పి, వేర్వేరుగా చూస్తున్నాం. నేర్పేవాళ్లు, పరీక్ష పెట్టేవాళ్లు వేరు కావడం కూడా మంచిదే.

నాకు అన్నిటికన్నా నచ్చింది ఆర్‌పీఎల్, అంటే ముందే నేర్చుకున్న పనికి గుర్తింపు. అప్పటికే పని వచ్చినవాళ్లకి కాస్త శిక్షణ ఇచ్చి, పరీక్షించి సర్టిఫికెట్ ఇస్తారు. మా దగ్గర తలలు తీసేది, పొట్టు ఒలిచేది ఎక్కువగా ఆడవాళ్లే. చేయి తిరిగినవాళ్లు, కానీ చేతిలో ఒక్క కాగితం ఉండేది కాదు. సర్టిఫికెట్ వచ్చాక కూడా కిలోకి అదే కూలి ఇస్తుంటే నాకు మనసొప్పలేదు. ప్రమాణం రాసుకున్నది యజమానులే, దానికి డబ్బు కట్టాల్సిందీ యజమానులే. గట్టిగా అడగ్గా మా ప్లాంటులో గ్రేడింగ్ టేబుల్‌కి, లైన్ లీడర్ పనికి వాళ్లనే ముందు తీసుకుంటున్నారు. ఆ పనులకి జీతం ఎక్కువ. అప్పటి నుంచి మానేసేవాళ్లు తగ్గారు.

కొత్తవాళ్ల సంగతి వేరు. ఒక శిక్షణ కేంద్రం నుంచి వచ్చిన పిల్లలకి సర్టిఫికెట్ ఉంది, రొయ్య పట్టుకుని కౌంటు (కిలోకి ఎన్ని తూగుతాయో) అంచనా వేయడం రాదు. పాఠమంతా తెర మీద బొమ్మలతోనే అయిందట. ఐసు చలికి తట్టుకోలేక వారం తిరక్కుండా వెళ్లిపోయారు, పాపం. వాళ్లకంటే అప్రెంటీస్‌లు నయం. 30 మంది, అంతకు మించి ఉన్న సంస్థ ఎలాగూ తీసుకోవాల్సిందే. 2016లో మొదలైన పథకం కింద స్టైపెండ్‌లో 25 శాతం, నెలకు 1,500 రూపాయల దాకా కేంద్రం భరిస్తుంది.

పెద్ద లోటు చెరువు గట్టు మీద ఉంది. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ల లాంటి నిషేధిత మందుల అవశేషాలు దొరికితే ఎగుమతి సరుకు తిప్పి పంపేస్తారు. ఆ తప్పు మా టేబుల్ దగ్గర జరిగేది కాదు, మేత వేసే చోట జరుగుతుంది. ఉండి, ఆకివీడు వైపు రాత్రంతా ఏరేటర్లు (చెరువు నీటికి గాలి అందించే యంత్రాలు) చూసుకునే కుర్రాడికి మాత్రం ఏ కౌన్సిల్ పేరూ తెలియదు. కౌన్సిల్ సమావేశాల్లో రెండెకరాల చెరువు రైతుకీ కుర్చీ వేస్తే ఐదుకి ఐదు ఇస్తాను. ఇప్పటికి మూడు.