పీహెచ్‌పీ 8.2: ఫీల్డ్ పేరు తప్పు పడితే ఇప్పుడు చెబుతోంది

గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టుకి బిల్లింగ్ ప్రోగ్రామ్ నేనే పీహెచ్‌పీ అనే ప్రోగ్రామింగ్ భాషలో, 7.4 వెర్షన్‌లో రాసిచ్చాను. మొన్న సీజన్‌లో ఓ రైతు తూకం చీటీలో ఒక టిక్కీ (మిర్చి బస్తా) 45 కిలోలని ఉంటే, బిల్లులో సున్నా వచ్చింది. ‘నా కాయ బరువేదయ్యా?’ అని ఆయన అడుగుతుంటే నాకు చెమటలు పట్టాయి. వెతికితే తేలింది: క్లాసులో (వివరాల నమూనా రాసే చోట) ఫీల్డ్ (ఒక వివరం దాచే గడి) పేరు ‘బరువు’, తూకం ఎక్కించే చోట ‘బరవు’ అని పడింది. పీహెచ్‌పీ మారుమాట్లాడకుండా ఆ పేరుతో కొత్త ఫీల్డ్ పుట్టించేసింది. అసలు ఫీల్డ్‌లో మొదట పెట్టిన సున్నా అలాగే ఉండిపోయింది.

ఆ రాత్రే 8.2కి మారాను. 2022 డిసెంబరులో వచ్చిన వెర్షన్ ఇది. అదే కోడ్ నడిపితే, క్లాసులో లేని ఫీల్డ్ సృష్టిస్తున్నావని ఫైలు పేరు, లైన్ నంబరుతో సహా చూపించింది. ప్రాణం లేచొచ్చింది!

ఫీల్డ్‌కి టైపు (అందులో ఏ రకం విలువ ఉండాలో) రాసే సౌకర్యం 7.4 నుంచే ఉంది. ఇప్పుడు బరువుని ఫ్లోట్ (దశాంశ సంఖ్య) అని రాసి, ఆ సున్నా తీసేశాను. తూకం ఎక్కకుండా చదవబోతే ఎర్రర్ వచ్చి బిల్లు ఆగిపోతుంది. నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే.

లోటు కూడా ఉంది. 8.2 హెచ్చరిస్తుందే గానీ ప్రోగ్రామ్‌ని ఆపదు. సర్వర్లో హెచ్చరికలు కనపడకుండా పెట్టుకుంటే మళ్లీ పాత కథే. అందుకే రోజూ పొద్దున్నే, యార్డులో వేలం పాటలు మొదలవక ముందే లాగ్ ఫైలు (హెచ్చరికలు నమోదయ్యే ఫైలు) తెరిచి చూస్తున్నాను. ఐదుకి నాలుగు స్టార్లు.