యాక్టినోమైసిన్ డి, 5 మిల్లీగ్రాముల సీసా: తొలి గంట వరకు నమ్మొచ్చు

ఐదు నెలల నుంచి వాడుతున్నాను కాబట్టి వివరంగా రాస్తున్నా. మాక్రోఫేజ్ అనే రోగనిరోధక కణాల్లో టీఎన్ఎఫ్ ఎంఆర్ఎన్ఏ (వాపు తెప్పించే టీఎన్ఎఫ్ ప్రొటీన్ తయారీకి కణం వాడే ఆర్ఎన్ఏ నకలు) ఎంతసేపు ఉంటుందో కొలవాలనుకునే వాళ్లకి, కొత్త ఆర్ఎన్ఏ తయారీని ఆపే ఈ మందు దండగ ఖర్చు కాదు. కాకపోతే ఎప్పుడు వేయాలో, ఎంతసేపటి వరకు నమ్మాలో తెలియకపోతే తప్పు లెక్క వస్తుంది. నాకు మొదటి నెలంతా అలాగే పోయింది.

చిన్న గాజు సీసా, లోపల ఎర్రటి నారింజ రంగు పొడి ఉందా లేదా అన్నట్టు ఉంటుంది, సగం మూతకే అంటుకుని వస్తుంది. తెరవకముందే ఒకసారి సెంట్రిఫ్యూజ్‌లో తిప్పండి, లేదంటే డబ్బులు మూతతోనే పోతాయి. ఒక మిల్లీలీటర్ డీఎంఎస్ఓ అనే ద్రావకం పోస్తే ఇట్టే కరిగిపోయింది. చిన్న ట్యూబుల్లో పంచి, వెలుతురు తగలకుండా ఫాయిల్ చుట్టి మైనస్ 20లో పెట్టాను. రెండు మిల్లీలీటర్ల మీడియం (కణాలు పెరిగే ద్రవం) ఉన్న వెల్‌కి (ప్లేటులో ఒక గుంటకి) రెండు మైక్రోలీటర్లు వేస్తే చాలు, మిల్లీలీటర్‌కి 5 మైక్రోగ్రాములు అవుతుంది. అంటే ఒక సీసా 500 వెల్స్‌కి వస్తుంది, ధర చూసి వద్దన్న మా గైడ్‌ని ఈ లెక్కతోనే ఒప్పించాను. గ్లోవ్స్ లేకుండా మాత్రం ముట్టుకోకండి, పిల్లలకి వచ్చే విల్మ్స్ ట్యూమర్‌కి డాక్టినోమైసిన్ పేరుతో ఇచ్చే కీమో మందు ఇదే.

ఇది డీఎన్ఏలో దూరి కొత్త ఆర్ఎన్ఏ తయారీని ఆపేస్తుంది, అప్పటికే ఉన్నది ఎంత వేగంగా తరుగుతోందో మనం చూసుకోవచ్చు. రా 264.7 అనే ఎలుక మాక్రోఫేజ్ కణాలకి రెండు గంటలు ఎల్‌పీఎస్ (కణాన్ని రెచ్చగొట్టే బ్యాక్టీరియా పైపొర ముక్క) ఇచ్చి, తర్వాత ఇది వేసి, గంట వరకు పదిహేను నిమిషాలకోసారి ఆర్ఎన్ఏ తీశాను. క్యూపీసీఆర్ అనే ఆర్ఎన్ఏ కొలిచే పరీక్షలో సీటీ, అంటే సిగ్నల్ కనపడటానికి పట్టే సైకిళ్ల సంఖ్య, ఒకటి పెరిగిందంటే సరుకు సగమైనట్టే (రైబోజోమ్‌లోని 18ఎస్ ఆర్ఎన్ఏతో సరిచూసుకోవాలి, అది అంత త్వరగా తరగదు). నాకు అరగంటకి ఒకటి చొప్పున పెరిగింది. అదే పీ38 ఇన్హిబిటర్ (పీ38 అనే సిగ్నల్ ఎంజైమ్‌ని అడ్డుకునే మందు) కూడా వేసిన వెల్స్‌లో పదిహేను నిమిషాలకే ఒకటి పెరిగింది. ఆ రెండు గీతలు పక్కపక్కన చూసిన రోజు నాకు నిద్ర పట్టలేదు, అంత సంతోషం.

ఎందుకంటే కథంతా అక్కడే ఉంది. టీఎన్ఎఫ్ ఎంఆర్ఎన్ఏ చివర ఏయూయూయూఏ అనే ముక్క పదేపదే వస్తుంది. టీటీపీ అనే ప్రొటీన్ అక్కడ పట్టుకుని, సీసీఆర్4-నాట్ ఎంజైమ్‌లని పిలిచి పాలీ-ఏ తోక కత్తిరింపిస్తుంది, తోక పోయిన ఎంఆర్ఎన్ఏ ఎక్కువసేపు నిలవదు. ఎల్‌పీఎస్ తగిలినప్పుడు పీ38, దాని కింద ఎంకే2 అనే ఇంకో ఎంజైమ్ లేచి టీటీపీకి ఫాస్ఫేట్ తగిలిస్తాయి. టీటీపీ పట్టు సడలుతుంది, ఆ చోటులో ఎంఆర్ఎన్ఏని నిలబెట్టే హెచ్‌యూఆర్ అనే ప్రొటీన్ చేరుతుంది, ప్రొటీన్ తయారుచేసే రైబోజోమ్‌లు చదవడం మొదలుపెడతాయి. సిగ్నల్ తగ్గాక టీటీపీ మళ్లీ పని అందుకుంటుంది. టీటీపీ లేకపోతే ఏమవుతుందో 1996లోనే ఎలుకల్లో చూశారు: టీటీపీ జీన్ తీసేసిన ఎలుక పిల్లలు పుట్టినప్పుడు బాగానే ఉండి, తర్వాత చిక్కిపోయి కీళ్లవాపుతో బాధపడ్డాయి, టీఎన్ఎఫ్‌ని అడ్డుకునే యాంటీబాడీ ఇస్తే ఆ లక్షణాలు చాలావరకు రాలేదు. 1999లో ఆ ఏయూ ముక్కనే తీసేస్తే కీళ్లతో పాటు పేగు కూడా వాచింది.

ఇప్పుడు అసలు లోపం. టీటీపీని కూడా కణం ఎల్‌పీఎస్ తగిలాకే ఎక్కువగా చేసుకుంటుంది, మనం వేసే మందు ఆ తయారీని కూడా ఆపేస్తుంది. నేను మొదట్లో ఎల్‌పీఎస్ ఇచ్చిన అరగంటకే వేసేవాణ్ణి, టీఎన్ఎఫ్ ఎంఆర్ఎన్ఏ చెక్కుచెదరనట్టు కనిపించేది. అది కణం గొప్పతనం కాదు, కత్తెర పట్టే చెయ్యి ఇంకా తయారవ్వలేదు, అంతే. మూడు గంటలు ఉంచితే ఇంకో ఇబ్బంది, కణాలు గుండ్రంగా ముడుచుకుని ప్లేటు నుంచి ఊడిపోతాయి. చచ్చిపోయే కణం నుంచి తీసిన ఆర్ఎన్ఏకి లెక్కేంటి?

ట్రాన్స్‌లేషన్ (ఎంఆర్ఎన్ఏ చదివి ప్రొటీన్ చేయడం) గురించి ఈ మందు ఏమీ చెప్పదు. ఎంఆర్ఎన్ఏ ఉన్నా రైబోజోమ్ ఎక్కకపోవచ్చు. అందుకే పక్కన మీడియం తీసి ఎలైజా (ప్రొటీన్ ఎంత ఉందో కొలిచే పరీక్ష) చేయండి, వీలుంటే పాలీసోమ్‌లు (ఒకే ఎంఆర్ఎన్ఏ మీద వరసగా ఎక్కిన రైబోజోమ్‌లు) చూడండి. డబ్బుంటే 2017లో వచ్చిన స్లామ్-సీక్ పద్ధతి ఇంకా మంచిది, 4-థయోయూరిడిన్‌తో కొత్త ఆర్ఎన్ఏకి గుర్తు పెడతారు, ట్రాన్స్‌క్రిప్షన్ ఆపక్కర్లేదు. కానీ సీక్వెన్సింగ్ ఖర్చు ఉంటుంది, ఒకటి రెండు జీన్‌ల కోసం అంత పెట్టనక్కర్లేదు.

వస్తువుకి ఐదుకి నాలుగు ఇస్తాను. తెచ్చిచ్చిన డీలర్‌కి రెండే. మే నెలలో శనివారం సాయంత్రం పార్సిల్ గేటు దగ్గర వదిలేసి వెళ్లారు, సోమవారం తెరిస్తే ఐస్ ప్యాక్‌లు గోరువెచ్చగా ఉన్నాయి. ఫోన్ చేస్తే పొడికేం కాదు సార్ అన్నారు. పాడు కాలేదు, నిజమే, కానీ పాత ట్యూబుతో పోల్చి చూసుకునేదాకా నాకు వారం పట్టింది. రెండో సీసా ఆర్డర్‌లో మంగళవారమే చేరాలని రాయించుకున్నాను.