ఒక్క స్విచ్ మార్చుకోగలిగాను, అందుకే ఈ కీబోర్డు ఇంకా నా బల్ల మీదే ఉంది

ఈ కీబోర్డు కొని 14 నెలలైంది. కొత్తలో కనిపించిన ప్రతివాళ్లకీ దీని గురించి చెప్పాను. తొమ్మిదో నెలలో దీన్ని పారేద్దామనుకున్నాను. ఇవాళ ఈ సమీక్ష దీని మీదే టైపు చేస్తున్నాను. పారేయకుండా నన్ను ఆపింది ఒక్కటే, దీని స్విచ్‌లను, అంటే ఒక్కో కీ కింద ఉండి నొక్కును పట్టే చిన్న భాగాలను, ఊడదీసి మార్చుకోవచ్చు. అమ్మకం పేజీలో హాట్‌స్వాప్ అని ఒక్క మాట రాసి వదిలేశారు. నేను ఎక్కువగా రాయబోయేది దాని గురించే. లైట్లు ఎన్ని రంగులు, కీలు ఎన్ని, బరువెంత అన్నవి ఆ పేజీలోనే దొరుకుతాయి కాబట్టి వాటి జోలికి పోను.

ముందు నా పని గురించి కొంచెం చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. నేను రోజంతా తెలుగులోనే టైపు చేస్తాను, అదీ ఇన్‌స్క్రిప్ట్‌లో, అంటే కీలకు నేరుగా తెలుగు అక్షరాలే ఉండే అమరికలో. ఇంగ్లిష్ అక్షరాలు కొట్టి తెలుగులోకి మార్చుకునే పద్ధతి నాకు అలవాటు కాలేదు. ఇన్‌స్క్రిప్ట్‌లో డి నొక్కితే పొల్లు పడుతుంది, షిఫ్ట్ పట్టుకుని నొక్కితే అ పడుతుంది. ఒత్తు రావాలంటే రెండు హల్లుల మధ్య పొల్లు కొట్టాల్సిందే. ‘అమ్మ’ అన్న చిన్న మాటకే డి కీ రెండుసార్లు నొక్కాలి. ‘అన్నయ్య’కు మూడుసార్లు. ఉన్నాను, చెప్పాను, వచ్చాను, ఏది రాసినా ఆ కీ మీద వేలు పడుతూనే ఉంటుంది. ఇంగ్లిష్ టైపు చేసేవాళ్లకు డి మామూలు అక్షరమే కావచ్చు. నా కీబోర్డుకు మాత్రం అదే గుండెకాయ.

ప్రతి కీకీ విడి స్విచ్ ఉండే మెకానికల్ కీబోర్డుల్లో, పేరున్న కంపెనీల వైర్‌లెస్‌వి నాకు అందే ధరలో లేవు. అందుకే విదేశీ ఆన్‌లైన్ మార్కెట్‌లో, అంతకుముందు ఎప్పుడూ వినని ఒక బ్రాండ్‌ది తెప్పించుకున్నాను. మూడు వారాలు పట్టింది. పార్సిల్ ఒక మూల నలిగి వచ్చింది కానీ లోపలి వస్తువుకు ఏమీ కాలేదు.

అంతకుముందు వాడింది రబ్బరు మెంబ్రేన్ కీబోర్డు. అందులో కీని అడుగుదాకా తొక్కితే తప్ప అక్షరం పడేది కాదు. సాయంత్రానికి వేళ్ల కణుపులు లాగేవి. ఈ స్విచ్‌లలో కీ మొత్తం 4 మిల్లీమీటర్లు దిగుతుంది, కానీ 2 మిల్లీమీటర్ల దగ్గరే అక్షరం పడిపోతుంది. చదవడానికి ఇది చిన్న తేడాలా ఉంటుంది. రోజుకు వేలసార్లు నొక్కే వేళ్లకు మాత్రం చాలా పెద్ద తేడా. రెండు వారాల్లో కణుపుల నొప్పి తగ్గింది. వైరు లేదు, బల్ల ఖాళీగా ఉంది, చప్పుడు కూడా మెత్తగా ఉంది. ఇంత చవకలో ఇంత మంచి వస్తువా అని నిజంగా సంతోషించాను.

తొమ్మిదో నెలలో మొదలైంది. ‘అమ్మ’ అని కొడితే అ, మ్, తర్వాత చుక్కలతో గీసినట్టున్న ఒక సున్నా, దాని మీద ఇంకో పొల్లు, పక్కన విడిగా మ. మొదట ఫాంట్ పాడైందనుకున్నాను. ఫాంట్ మార్చాను, పోలేదు. తర్వాత నా వేలే తడబడుతోందనుకుని నెమ్మదిగా కొట్టాను. ఒక పూట బాగుండేది, మరుసటి పూట మళ్లీ వచ్చేది. కనిపించినవన్నీ దిద్దుకుంటూ పోయినా, పంపిన ఒక ఫైలులో ఇలాంటివి 11 మిగిలిపోయాయి. అవతలివాళ్లు వాటి చుట్టూ ఎర్రగీతలు పెట్టి తిప్పి పంపారు. ఇన్నేళ్లలో నా పని మీద అలాంటి మాట రాలేదు. ఆ రోజు చాలా బాధపడ్డాను.

ఆ రాత్రి కూర్చుని సరిగ్గా పరీక్షించాను. భాషను ఇంగ్లిష్‌కు మార్చి, డి కీని లెక్కపెట్టుకుంటూ 50 సార్లు నొక్కాను. తెర మీద 63 పడ్డాయి. వైర్‌లెస్ వల్లేమోనని కేబుల్ పెట్టి మళ్లీ కొట్టాను. ఈసారి 61. పక్కనున్న ఎఫ్ కొడితే సరిగ్గా 50. అంటే తప్పు ఫాంట్‌ది కాదు, వైర్‌లెస్‌ది కాదు, నా వేలిదీ కాదు. ఆ ఒక్క స్విచ్‌దే.

దీన్ని చాటరింగ్ అంటారని తర్వాత తెలిసింది. స్విచ్ లోపల రెండు సన్నని లోహపు రేకులు ఉంటాయి. కీ నొక్కితే అవి కలుసుకుంటాయి. కలిసేటప్పుడు ఒక్కసారిగా అతుక్కోవు, క్షణంలో చిన్న భాగం పాటు అదురుతాయి. మంచి స్విచ్‌లో ఆ అదురు 5 మిల్లీసెకన్ల లోపే ఆగిపోతుంది, కీబోర్డులోని చిప్ ఆ కాస్త సమయాన్ని లెక్కలోకి తీసుకోదు. రేకుల మధ్య దుమ్ము చేరినా, వాటి మీద పొర కట్టినా అదురు ఇంకా సాగుతుంది. చిప్ దాన్ని రెండో నొక్కు అనుకుంటుంది. అమ్మకం పేజీలో ఒక్కో స్విచ్ 5 కోట్ల నొక్కులు తట్టుకుంటుందని రాశారు. నేను డి కీని రోజుకు 3,000 సార్లు నొక్కాననుకున్నా తొమ్మిది నెలలకు 8 లక్షలకు కాస్త పైన, అంతే. స్ప్రింగు, ప్లాస్టిక్ అన్ని కోట్లు తట్టుకుంటాయేమో, నాకు తెలిసింది రేకు ముందే మొరాయిస్తుందని.

అమ్మినవాళ్లకు రాద్దామని చూస్తే ఆ దుకాణం పేజీయే లేదు. మార్కెట్ ఇచ్చే కొనుగోలు రక్షణ గడువు ఎప్పుడో దాటిపోయింది. ఇంత దూరం నుంచి తెప్పించుకున్న వస్తువును తిప్పి పంపాలన్నా కీబోర్డు ధర కంటే పోస్టేజీయే ఎక్కువయ్యేలా ఉంది. చవక వస్తువు కొంటే ఇంతే అనుకుని, వారంటీ కాగితం ఏమైనా ఉందేమోనని చివరిసారిగా పెట్టె తీశాను. అడుగున అట్ట కింద చిన్న ప్లాస్టిక్ సంచి దొరికింది. అందులో మూడు స్విచ్‌లు, వాటిని ఊడదీసే పట్టకారులాంటి పుల్లర్ ఒకటి. తొమ్మిది నెలల కిందట దాన్ని చూసి కూడా పట్టించుకోలేదు.

మామూలు మెకానికల్ కీబోర్డులో స్విచ్‌ను లోపలి సర్క్యూట్ బోర్డుకు సోల్డరింగ్ చేసి ఉంచుతారు. మార్చాలంటే ఆ టంకం కరిగించాలి. నాకు ఆ పని రాదు. హాట్‌స్వాప్ బోర్డులో మాత్రం ప్రతి కీ కింద చిన్న సాకెట్ ఉంటుంది, స్విచ్ కాళ్లు అందులో బిగుసుకుని నిలబడతాయి, అంతే. కీబోర్డు ఆపేసి, డి మీది కీక్యాప్‌ను, అంటే అక్షరం ఉన్న పై మూతను, తీగతో లాగేశాను. పుల్లర్ పళ్లను స్విచ్‌కు పైనా కిందా ఉన్న కొక్కేలకు పట్టించి, గట్టిగా నొక్కి, నిటారుగా పైకి లాగాలి. మొదటిసారి పది నిమిషాలు పట్టింది. పళ్లు జారి ప్లేట్ మీద ఒక గీత కూడా పడింది, ఇప్పటికీ కనిపిస్తుంది. చివరికి టక్కున ఊడి చేతికొచ్చింది.

కొత్తది పెట్టి నొక్కాను, కీక్యాప్ వేశాను, ఆన్ చేశాను. డి అసలు పడలేదు. ఇంతకుముందు కనీసం రెండుసార్లు పడేది, ఇప్పుడు ఒక్కసారి కూడా లేదు. బోర్డునే పాడుచేశానని చేతులు చల్లబడ్డాయి. మళ్లీ ఊడదీసి చూస్తే, స్విచ్ కింద ఉండే రెండు రాగి కాళ్లలో ఒకటి సాకెట్‌లోకి దిగకుండా మడతపడి అడుగుకు అతుక్కుపోయి ఉంది. ట్వీజర్‌తో దాన్ని మెల్లగా నిలబెట్టి, ఈసారి వంగి రంధ్రాలు చూసుకుంటూ నిటారుగా దించాను. టక్కుమంది. ‘అమ్మ’ అని కొట్టాను. అమ్మ అనే పడింది. వరసగా ఒక పేజీ నిండా అదే మాట కొట్టుకుంటూ పోయాను. ఒక వస్తువును నా చేతులతో నేనే బాగుచేసుకున్న సంతోషం అది. ఆ రాత్రి ఎంత ఆనందపడ్డానో మాటల్లో చెప్పలేను.

ఎవరైనా ఈ పని చేయబోతే ఒక జాగ్రత్త. ఆ సాకెట్లు బోర్డు వెనక వైపు టంకంతోనే అతికి ఉంటాయి. స్విచ్‌ను వంకరగా పెట్టి బలవంతంగా తోస్తే సాకెట్ ఊడి, దానితో పాటు బోర్డు మీది రాగి కూడా లేచిపోవచ్చు. అప్పుడిక ఇంట్లో బాగుచేసుకునే పని కాదు.

పన్నెండో నెలలో సి కీ, అంటే మ అక్షరం, అలాగే మొదలుపెట్టింది. ఈసారి పని ఐదు నిమిషాల్లో అయిపోయింది. తర్వాత విడి స్విచ్‌లు మరికొన్ని తెప్పించుకున్నాను. ఇవి ఇంత సులువుగా దొరకడానికి కారణం ఉంది. ప్లస్ గుర్తులాంటి కాడ ఉండే ఈ స్విచ్ నమూనా 1980లలో జర్మనీలోని చెర్రీ కంపెనీ తెచ్చింది. పేటెంట్ గడువు తీరాక గేటరాన్, కైల్, ఔటెము లాంటి చైనా కంపెనీలు దాదాపు అవే కొలతలతో చేయడం మొదలుపెట్టాయి. అందుకే ఒకరి కీబోర్డులో ఇంకొకరి స్విచ్ దిగుతుంది. ‘దాదాపు’ అన్న మాట మర్చిపోకండి. నేను తెప్పించినవి ఐదు కాళ్లవి, నా బోర్డులో ఉన్నవి మూడు కాళ్ల రంధ్రాలే, రెండు రాగి కాళ్లకు, మధ్యలోని ప్లాస్టిక్ కాలికి. అదనంగా ఉన్న రెండు ప్లాస్టిక్ కాళ్లను నెయిల్ కట్టర్‌తో కత్తిరించి వాడుకోవాల్సి వచ్చింది. కొన్ని చవక బోర్డుల్లో సాకెట్ సన్నగా ఉండి ఔటెము స్విచ్‌లే పడతాయి. కొనేముందు ఈ రెండూ చూసుకోవాలి.

ఇంకో మేలు నేను ఊహించనిది. ఇన్‌స్క్రిప్ట్‌లో చ, ట, జ, డ, య అన్నీ కుడి చిటికెన వేలి కిందికే వస్తాయి. అన్నిటికంటే బలహీనమైన వేలికి అంత పని. ఆ ఐదు కీల కింద, నొక్కడానికి 45 గ్రాముల బలం పట్టే స్విచ్‌లు తీసేసి 35 గ్రాములవి వేశాను. వారం తిరిగేసరికి చిటికెన వేలి నొప్పి గుర్తుకు రావడం మానేసింది. కొన్న కీబోర్డును నా భాషకు, నా చేతికి తగ్గట్టు మార్చుకోగలిగాను. ఎక్కువ ధర పెట్టి కొన్నా సోల్డరింగ్ చేసిన కీబోర్డు అయితే ఇది నాకు కుదిరేది కాదు.

వైర్‌లెస్ గురించి మాత్రం కొత్తలో చెప్పినంత ధీమాగా ఇప్పుడు చెప్పలేను. కాసేపు వదిలేస్తే కీబోర్డు నిద్రలోకి పోతుంది. మళ్లీ కొట్టడం మొదలుపెట్టగానే మొదటి అక్షరం పోతుంది. తెలుగులో హల్లు పోయి గుణింతం ఒక్కటే మిగిలితే మళ్లీ ఆ చుక్కల సున్నా ప్రత్యక్షమవుతుంది. ఇప్పుడు ముందుగా ఒకసారి షిఫ్ట్ నొక్కి లేపడం అలవాటు చేసుకున్నాను. కొన్ని నెలల కిందట అక్షరాలు ఆగి ఆగి పడటం కూడా మొదలైంది. కారణం వెతికితే, కీబోర్డు సంకేతాలను అందుకోవడానికి కంప్యూటర్‌కు పెట్టే చిన్న రిసీవర్, కొత్తగా పెట్టిన హార్డ్ డిస్క్ పక్కనే ఉంది. యూఎస్‌బీ 3.0 పరికరాల నుంచి వచ్చే రేడియో రొద ఇలాంటి 2.4 గిగాహెర్ట్జ్ రిసీవర్లకు అడ్డుపడుతుందని ఇంటెల్ సంస్థే 2012లో ఒక పత్రంలో వివరించింది. చిన్న ఎక్స్‌టెన్షన్ కేబుల్ వేసి రిసీవర్‌ను దూరం జరిపాక సమస్య పోయింది.

చార్జింగ్‌తోనూ ఒకరోజు టెన్షన్ పడ్డాను. రెండు చివర్లా టైప్-సి ఉన్న కేబుల్ పెడితే అసలు చార్జ్ ఎక్కదు, పాత పద్ధతి కేబుల్‌తో మాత్రం ఎక్కుతుంది. అవతల పరికరం ఉందని చార్జర్ గుర్తుపట్టడానికి టైప్-సి పోర్టులో 5.1 కిలో ఓమ్‌ల రెసిస్టర్లు రెండు ఉండాలి. చవక వస్తువుల్లో వాటిని మానేస్తుంటారు, ఇందులోనూ అదే జరిగినట్టుంది. పెట్టెలో వచ్చిన కేబుల్ పారేయకండి.

పాస్‌వర్డులు కొట్టేటప్పుడు మాత్రం కేబులే పెడతాను. కొన్ని చవక వైర్‌లెస్ కీబోర్డులు అక్షరాలను ఏ రహస్య సంకేతమూ లేకుండా గాల్లోకి పంపుతున్నాయని 2016లో బాస్టిల్ అనే భద్రతా సంస్థ బయటపెట్టింది. నాదాన్ని ఎవరూ పరీక్షించినట్టు కనపడలేదు, అందుకే నా జాగ్రత్తలో నేనున్నాను. దీనికోసం ఇచ్చిన సాఫ్ట్‌వేర్ కూడా వేసుకోలేదు. కొట్టే ప్రతి అక్షరాన్నీ చూడగల ప్రోగ్రామును ఎవరిదో తెలియని లింకు నుంచి దించుకోవడానికి మనసొప్పలేదు.

ఇది కొనమని చెప్పనా అంటే, మీరు చేసే పనిని బట్టి ఉంటుంది. నేను ఒక్కచోట కూర్చుని ఒంటరిగా పనిచేస్తాను, ఆటలు ఆడను, పుల్లర్ పట్టుకోవడానికి వెనకాడను. ఇన్‌స్క్రిప్ట్ కాకుండా వేరే పద్ధతిలో కొట్టేవాళ్లకు ముందు అరిగేది ఇంకేదో కీ కావచ్చు, అసలు అరగకపోనూ వచ్చు. పాడైతే ఎవరో ఒకరు బాధ్యత తీసుకోవాలనుకునేవాళ్లకు ఇంత దూరపు బేరం పనికిరాదు. ఒకవేళ కొనాలనుకుంటే, స్విచ్‌లు సోల్డరింగ్ చేసినది మాత్రం ఎంత చవకగా వచ్చినా వద్దు.

ఇంకా మార్చుకోలేనిది బ్యాటరీ ఒక్కటే. లైట్లు ఆపి వాడితే కొత్తలో మూడు వారాలు వచ్చేది, ఇప్పుడు రెండు వారాలకే అడుగంటుతోంది. అది పూర్తిగా పోయాక కేబుల్ మీదే వాడుకుంటాను. సొరుగులో ఇంకా 14 స్విచ్‌లు ఉన్నాయి.