చిన్నపేగు, పెద్దపేగు: పనిలో తేడా, జబ్బులో తేడా

పొడవులో చిన్నపేగుదే పైచేయి, సుమారు 6 మీటర్లు. పెద్దపేగు 1.5 మీటర్లే, కానీ వెడల్పు ఎక్కువ.

జీర్ణక్రియ ముగిసేది చిన్నపేగులోనే. క్లోమరసం, పైత్యరసం అక్కడే కలుస్తాయి. దాని లోపలి గోడ మీద వేళ్లలా ఉండే సన్నని మొనలు, అంటే ఆంత్ర చూషకాలు, పోషకాలను పీల్చుకుంటాయి. రోజూ అందులో చేరే 8–9 లీటర్ల ద్రవంలో లీటరు, లీటరున్నర మాత్రమే పెద్దపేగుకు వెళ్తుంది. పెద్దపేగు నీరు, లవణాలు లాగేసి మలాన్ని గట్టిపరుస్తుంది. అక్కడ మరీ ఎక్కువసేపు నిలిస్తే మలబద్ధకమే.

విరేచనాలను బట్టి కూడా తేడా చాలావరకు తెలుస్తుంది. కలరాలో చిన్నపేగు నీటిని వదిలేస్తుంది, అందుకే ధారగా నీళ్ల విరేచనాలు. పెద్దపేగు వాస్తే కొద్దికొద్దిగా, మాటిమాటికీ, జిగటతో, రక్తంతో.

నీళ్ల విరేచనాలకు ఓఆర్ఎస్ (లవణాలు, గ్లూకోజు కలిపిన నీళ్లు) ప్రాణాధారం. అందులోని గ్లూకోజు సోడియాన్ని, దాని వెంట నీటిని చిన్నపేగు గోడ దాటిస్తుంది. ఉత్త నీళ్లు అందుకే చాలవు. రక్తం కనిపిస్తే మాత్రం ఓఆర్ఎస్‌తో సరిపెట్టకుండా వెంటనే డాక్టరుకు చూపించాలి.