జాలీ బోయ్ దీవి రివ్యూ: సోమవారం సెలవని మా ఏజెంటుకి తప్ప అందరికీ తెలుసు

రేటింగ్ ముందే చెప్పేస్తా. దీవికి 5కి 4న్నర. ప్యాకేజీ కట్టిన మా నెల్లూరు ఏజెంటుకి 1, అది కూడా ఫ్లైట్ టికెట్లలో పేర్లు స్పెల్లింగ్ తప్పు లేకుండా వేసినందుకు.

సంక్రాంతి సెలవలకి మేం అయిదుగురం అండమాన్ పోయొచ్చాం. నేను, మా ఆయన, తొమ్మిదో తరగతి పాప, మూడో తరగతి చిన్నోడు, 67 ఏళ్ళ మా అత్త. సెల్యులార్ జైలు గురించీ హావ్‌లాక్ దీవి గురించీ రాసినోళ్ళు బోలెడుమంది ఉన్నారు, అవి నేను రాయను. జాలీ బోయ్ గురించి మాత్రం రాస్తా, పోయేముందు నేను తెలుగులో ఎంత వెతికినా "బ్యూటిఫుల్ ప్లేస్, మస్ట్ విజిట్" తప్ప పనికొచ్చే ముక్క ఒక్కటీ దొరకలా.

ఏజెంటు సంగతి. నెల్లూర్లోనే మద్రాసు బస్టాండు దగ్గర ఆఫీసు, పేరు రాయను, మా ఆయనకి దూరపు చుట్టం. "బావా, నువ్వు బ్యాగు సర్దుకోని వచ్చెయ్, మిగతాదంతా నేను చూసుకుంటా" అన్నాడు. మా ఆయనకి ఆ మాట చాలు. చేతికి ఒక కాగితం ఇచ్చాడు, అందులో రెండో రోజు ఎదురుగా "జాలీ బోయ్, కోరల్స్, ఫుల్ ఎంజాయ్" అని ఉంది. మేం ఆదివారం దిగాం. అంటే రెండో రోజు ఏంది? సోమవారం. నాకు తట్టలా, మా ఆయనకి తట్టలా.

తట్టింది టాక్సీ డ్రైవరుకి. పోర్ట్ బ్లెయిర్‌లో తెలుగోళ్ళకి కొదవ లేదు (2024 సెప్టెంబర్‌లో ఊరి పేరు శ్రీ విజయపురం అని మార్చారు గానీ నోటికి ఇంకా పాత పేరే వస్తాంది). ఈయనది శ్రీకాకుళం వైపు. "రేపు పొద్దున ఎన్నింటికి వస్తారన్నా వండూర్‌కి" అని నేనడిగితే (జాలీ బోయ్ పడవలు ఎక్కేది అక్కడే) అద్దంలోంచి మమ్మల్ని చూసి, "రేపు సోమవారం కదమ్మా, సోమవారం జాలీ బోయ్‌కి పడవలు పోవు, పార్కుకి సెలవు" అన్నాడు. మా ఆయన అక్కడికక్కడే చుట్టానికి ఫోన్ కొట్టాడు. అవతల నుంచి "అట్నా బావా? అయితే నార్త్ బే పోండి, అదీ సముద్రమే గదా" అని వినబడింది. స్పీకర్ ఆన్‌లో ఉంది, అత్త కూడా విన్నది. "వీడు పెళ్ళిచూపులకి తీసకపోయి అక్క బదులు చెల్లెల్ని చూడమనేటట్టున్నాడే" అనింది.

నార్త్ బే బాగనే ఉంటుంది, పాత 20 రూపాయల నోటు వెనకాల ఉండే కొబ్బరిచెట్ల బొమ్మ ఆ వైపుదే, సోమవారం అదే చూశాం. కానీ పాప ఆరునెలల నుంచి జాలీ బోయ్ అని కలవరిస్తాంది, అందుకని ప్లాన్ అంతా విరగ్గొట్టి, నీల్ దీవి వదిలేసుకుని, హావ్‌లాక్ నుంచి గురువారమే నేరుగా వెనక్కొచ్చేసి శుక్రవారం పోయాం. నీల్‌కి తీసుకున్న ఫెర్రీ టికెట్ల డబ్బులు గంగలో, కాదు బంగాళాఖాతంలో కలిసినాయి. ఇప్పిస్తానన్నాడు చుట్టం. ఇంకా ఇప్పిస్తానే ఉన్నాడు.

కాబట్టి మీరు తేదీలు పెట్టుకునేటప్పుడు మా మాదిరి టికెట్ రేటు చూసి పెట్టుకోబాకండి, ముందు వారం చూడండి, దిగిన మర్నాడు సోమవారం పడకుండా చూసుకోండి. తర్వాత నెల చూడండి. ఇది మామూలు బీచ్ కాదు, 1983లో పెట్టిన మహాత్మా గాంధీ మెరైన్ నేషనల్ పార్కులో ఒక దీవి. పార్కు మొత్తం 281 చదరపు కిలోమీటర్ల పైచిలుకు, సముద్రం కూడా కలుపుకునే ఆ లెక్క. 15 దీవులున్నాయి, మనల్ని అడుగు పెట్టనిచ్చేది రెండిట్లోనే, ఆ రెండూ కూడా ఒకేసారి కాదు. సుమారుగా నవంబర్ నుంచి మే దాకా జాలీ బోయ్, వానాకాలంలో రెడ్ స్కిన్. ఒకటి తెరిస్తే ఇంకోటి మూస్తారు, పగడాలకి కాస్త ఊపిరి ఆడాలని. మనం చేను బీడు పెట్టినట్టు అనుకోండి. ఎండాకాలం సెలవల్లో మే చివర పోదాం అనుకునేవాళ్ళు ఏది తెరిచుందో కనుక్కోని పోండి.

నెల్లూరు నుంచి పోయేదానికి పెద్ద కష్టం లేదు. చెన్నై 175 కిలోమీటర్లు, పొద్దుటి ఫ్లైట్ పట్టుకోవాలంటే అర్ధరాత్రి ఇంట్లో నుంచి ఎల్లబారితే సరి, తడ దగ్గర టీ తాగినా టైముకి పోతాం. విమానం రెండు గంటల పైన. ఓడలు కూడా ఉన్నాయి చెన్నై నుంచీ వైజాగ్ నుంచీ, దాదాపు మూడ్రోజులు. అత్త ఓడే అనింది, మేం గమ్మునున్నాం.

ఇంకోటి, ఆడ పొద్దు తొందరగా పడుతుంది. గడియారం మనదే గానీ మనకంటే బాగా తూర్పున ఉంది కాబట్టి జనవరిలో సాయంత్రం 5న్నర దాటితే చీకటే. పొద్దున్నే లేచి పని చూసుకోవాలి.

పర్మిట్ లేకుండా పడవ ఎక్కనివ్వరు. పర్మిట్ వేరు, పడవ టికెట్ వేరు, రెండూ ముందే చేసి పెట్టుకోవాలి, రోజుకి ఇంతమందే అని లెక్క ఉంటుంది. అందరి ఆధార్లూ జిరాక్స్ తీసి పెట్టుకోండి, ఫోన్లో ఉంది గదా అని ధీమాగా ఉండబాకండి. 2020లో చెన్నై నుంచి సముద్రం కింద కేబుల్ వేశాక ఊళ్ళో నెట్ బాగనే వస్తాంది, దీవి వైపు పోయేకొద్దీ సిగ్నల్ అనేదే ఉండదు. మా ఆయన లైన్లో నిలబడి వచ్చాడు, ఏజెంటుకి మేం కట్టిన దాంట్లో ఆ పని కూడా ఉంది, అది వేరే కత.

శుక్రవారం పొద్దున ఆరున్నరకి టాక్సీ ఎక్కాం. వండూర్ ముప్ఫై కిలోమీటర్ల లోపే, దారి ఆకుపచ్చగా భలే ఉంటుంది. బీచ్ దగ్గర మొసళ్ళున్నాయి జాగ్రత్త అని బోర్డులు. ఉప్పునీటి మొసళ్ళు, ఉత్త బెదిరింపు కాదు. మన మైపాడు బీచ్‌లో దిగినట్టు ఆడ నీళ్ళలోకి దూకబాకండి.

ఇప్పుడు అసలు సంగతి, ప్లాస్టిక్. నెల్లూరు నుంచి బయల్దేరేటప్పుడు అత్త మూడు గిన్నెల స్టీలు క్యారేజీ పట్టుకోని వస్తానంటే మేమంతా నవ్వాం. విమానంలో క్యారేజీ ఏందత్తా, నలుగురూ చూస్తే ఏమనుకుంటారు అని నేనే అన్నా. జెట్టీ దగ్గర ఆ క్యారేజీనే మా పరువు కాపాడింది. బ్యాగులన్నీ తెరిచి చూస్తారు. మా ముందర ఒక పెద్ద గ్రూపు, హోటల్ నుంచి ఇడ్లీ, సాంబారు, చట్నీ అంతా కవర్లలో పార్సిల్ తెచ్చుకున్నారు, వాళ్ళు అక్కడే నిలబడి ఆ సాంబారు తాగలేక పారబోయలేక అవస్థ. మా ఇడ్లీలు క్యారేజీలో, అరిసెలు డబ్బాలో, దర్జాగా పోయినాయి. పట్టుబడింది నేనే. ఆవకాయ జిప్ కవర్లో వేసుకున్నా, చిన్నోడి జేబులో నాలుగు చాక్లెట్ కాగితాలు. నీళ్ళ సీసాలతో పాటు అవి కూడా లెక్కపెట్టి రాసుకుని, డిపాజిట్ కట్టించుకుని వదిలారు. తిరిగొచ్చేటప్పుడు అన్నీ చూపిస్తే డబ్బులు వెనక్కి. ఈ ఒక్క పద్ధతికే నేను సగం మార్కులు వేస్తా. పులికాట్ సరస్సులో ఇరకం దీవికి భీమునివారిపాళెం నుంచి పడవలో పోయొచ్చాం ఒకసారి, అంత మంచి చోటు, మన జనం పడేసిన గ్లాసులు ఒడ్డున తేలతా ఉంటే చూడబుద్ధి కాలా. ఆడా ఇట్నే లెక్కపెట్టి డిపాజిట్ పెడితే తెలుస్తుంది.

పడవ ప్రయాణం గంట లోపు. మొదట మడ అడవుల పక్కన నిదానంగా, తర్వాత దీవుల మధ్యలో. వాంతులు వచ్చేవాళ్ళు అరగంట ముందే మాత్ర వేసుకోండి. దీవికి జెట్టీ లేదు, పెద్ద పడవ లోతులో ఆగిపోతే అడుగున అద్దం ఉన్న చిన్న పడవలోకి మార్చి ఒడ్డుకి చేరుస్తారు. అత్తని ఆ పడవలోకి దించేదానికి ఇద్దరు పట్టుకోవాల్సొచ్చింది, మోకాళ్ళ నొప్పులు ఉన్నోళ్ళు ఇది ఆలోచించుకోండి. చీర కూడా ఇబ్బందే, ఒడ్డు దగ్గర నీళ్ళలోకే దిగాలి.

ఆ అద్దంలోంచి చూడటం... ఎట్లా రాయాలో తెలీట్లా. మొదట ఇసక. తర్వాత ఉన్నట్టుండి అడుగున అడవి మొదలవుతుంది. జింక కొమ్ముల మాదిరి కొన్ని, మెదడు మాదిరి మడతలు పడినవి కొన్ని, పెద్ద క్యాబేజీ విప్పినట్టు కొన్ని, వాటి మధ్యలో నీలంవీ పసుపువీ చేపలు. అత్త మెడలో నల్లపూసల మధ్య పగడాలుంటాయి, వాళ్ళ అమ్మ ఇచ్చినవి. ఆమె అద్దం మీదికి ఒంగి చూసి చూసి, తన దండ పట్టుకుని, "ఎర్రగా ఒక్కటీ లేదే, ఇవి పగడాలేనంటావా అమ్మాయ్, వీడు కూడా మన చుట్టం లాంటోడా" అని పడవతన్ని చూపించింది. పాప నవ్వి నవ్వి చెప్పింది: నగల్లో వాడే ఎర్ర పగడం వేరే జాతి జేజీ, ఎక్కువగా మధ్యధరా సముద్రంలో లోతున దొరికేది, ఇవి దిబ్బలు కట్టే రకం, ఇవి రాళ్ళు కాదు చెట్లూ కాదు, చిన్న చిన్న ప్రాణులు, కోట్ల కొద్దీ పక్కపక్కనే ఉండి సున్నంతో ఇల్లు కట్టుకుంటాయి, వాటి ఒంట్లో నాచు లాంటిది ఉండి అన్నం వండి పెడుతుంది, రంగు కూడా దానివల్లే. మరి ఆ తెల్లవి? అక్కడక్కడా సున్నం కొట్టినట్టు తెల్లగా ఉన్నాయి. నీళ్ళు మరీ వేడెక్కితే ఆ నాచుని బయటికి తోసేస్తాయంట, తెల్లబడతాయంట, వేడి తగ్గకపోతే చచ్చిపోతాయంట. 2010లో అండమాన్ అంతా ఇట్నే పెద్ద దెబ్బ తగిలింది. అత్త కాసేపు మాట్లాడలా. తర్వాత "వండిపెట్టేదాన్ని బయటికి తోస్తే ఏ ఇల్లైనా అంతే" అని నా వైపు చూసింది. అది పొగడ్తో దెప్పుడో నాకు ఇప్పటికీ అర్థం కాలా.

చిన్నోడికి నచ్చింది మాత్రం చిలక చేప. ముక్కుతో పగడాన్ని గీకి తిని ఇసక విసర్జిస్తుందని, ఈ తెల్ల ఇసకలో దాని వాటా ఉందని వాళ్ళక్క చెప్పిన కాడి నుంచి వాడు ఒడ్డున చెప్పులిప్పలా. సముద్ర దోసకాయ అని నల్లగా లావుగా ఒకటి పడుకోనుంది, దాంతో పులుసు పెట్టొచ్చా జేజీ అంటాడు. దాన్ని పట్టుకుంటే జైలంట, అది కూడా చట్టం కాపాడే జీవే.

స్నార్కెలింగ్ (మాస్కు పెట్టుకోని నీళ్ళ మీద తేలతా అడుగుకి చూడటం) మేం ముగ్గురం చేశాం. ఈత రాకపోయినా గైడు పట్టుకోని తీసకపోతాడు. అద్దెకిచ్చినతను ఇచ్చిన మాస్కుల్లో ఒకటి కారతా ఉంది, నీళ్ళలో దిగేముందే ఒడ్డున పెట్టుకోని చూసుకోండి. కాళ్ళు నేలకి ఆనించబాకండి, మనం ఒక్కసారి నిలబడితే విరిగే కొమ్మ పెరిగేదానికి ఏళ్ళు పడుతుంది. పార్కులో డుగాంగ్ అనే సముద్రపు ఆవు కూడా ఉంటుందంటారు, అండమాన్ రాష్ట్ర జంతువు అదే, మాకు కనబడలా, కనబడుతుందని ఎవరన్నా ప్యాకేజీ అమ్మితే నమ్మబాకండి.

దీవి మీద అంగడి లేదు, టీ లేదు, రాత్రి ఉండేదానికి లేదు. చెట్ల నీడ ఉంది, అది చాలు. పెద్దోళ్ళకి పరుచుకునేదానికి ఒక దుప్పటి, గొడుగు తెచ్చుకోండి. ఉండనిచ్చేది రెండుమూడు గంటలే, అందుకే ఆ అర మార్కు కోసేశా. చూస్తానే ఉండగా విజిల్ ఊదేస్తారు.

ఎక్కేటప్పుడు చూస్తే అత్త కొంగు చివర ముడి ఉంది. ఏందత్తా అంటే ఒడ్డున దొరికిన చచ్చిన పగడం ముక్క, దేవుడి గూట్లో పెట్టుకుంటదంట. గవ్వలు, పగడాలు ఏవీ తేకూడదు, వన్యప్రాణి చట్టం కిందికి వస్తాయి, ఎయిర్‌పోర్టు స్కానింగులో దొరికితే కేసు, మీ ఇంట్లో పెద్దోళ్ళ కొంగులు కూడా ఒకసారి చూసుకోండి. ఆమె ముడి విప్పి, దాన్ని కళ్ళకద్దుకుని, తీసిన చోటే పెట్టొచ్చింది. జెట్టీ దగ్గర సీసాలు లెక్క సరిపోయింది, ఆవకాయ కవరు సరిపోయింది. చాక్లెట్ కాగితం ఒకటి తక్కువొచ్చింది. చిన్నోణ్ణి పక్కకి పిలిచి జేబులన్నీ తిరగేస్తే లేదు, చివరికి క్యారేజీ అడుగు గిన్నెలో అరిసె ముక్క కింద దొరికింది, డిపాజిట్ మొత్తం వెనక్కి ఇచ్చారు.